కబురు లేని తంతి

సిగ్నలరు: ముందు ఒక్కటి చెప్పు. రాత్రి భోజనాలయ్యాక ఆ కీ ముందు కూర్చుని కొడతావే, అందులో కబురేముంటుంది? నేను సర్వీసంతా పోస్టాఫీసుల్లో మోర్సు కొట్టినవాణ్ణి. పోయినవాళ్ల కబుర్లు, పుట్టినవాళ్ల కబుర్లు, మిలిటరీలో ఉన్న కొడుకుని ఉన్నపళంగా బయల్దేరమని తండ్రి ఇచ్చే టెలిగ్రాం, ఖమ్మం మిర్చి వ్యాపారులకి గుంటూరు రేట్లు. మాటకింత చొప్పున జనం డబ్బు కట్టేవాళ్లు. అందుకని ఒక్క మాట ఎక్కువుండేది కాదు. పెళ్లి శుభాకాంక్షలకైతే ఒక నంబరుండేది. ఆ నంబరు కొడితే అవతల పూర్తి వాక్యం రాసిచ్చేవాళ్లు. నీ దాంట్లో ఏముంది? నీ పేరు, నీ ఊరు, ఎండా వానా, నీ సిగ్నలు ఐదు తొమ్మిది తొమ్మిది. అవతలివాడూ అవే నాలుగు ముక్కలు తిప్పి కొడతాడు. చివర డెబ్భై మూడు అని ఒక నమస్కారం. అంతేనా?

హ్యామ్: అంతే బాబాయ్. కబురుండదు. ఉండకూడదు కూడా. ఈ హ్యామ్ లైసెన్సు, అంటే అమెచ్యూర్ రేడియో లైసెన్సు మీద బేరాలు మాట్లాడకూడదు, మామూలు రోజుల్లో ఇంకొకళ్ల కబురు మొయ్యకూడదు, పైసా తీసుకోకూడదు. మీరు కబురు కోసం మోర్సు కొట్టారు. నేను మోర్సు కోసమే మోర్సు కొడుతున్నాను. వ్యవసాయబావి తవ్వింది చేలకి నీళ్లు పెట్టడానికి. కరెంటు మోటార్లొచ్చి మోట పోయాక పిల్లలు దాంట్లో ఈత కొడితే బావికేం నష్టం?

సిగ్నలరు: నష్టమేం లేదు, కొట్టు. కానీ గట్టెక్కి తల తుడుచుకుంటూ 'నేనూ మోట తోలాను' అనకు. మీవాళ్లు అనేది అదే. పాత కీ, పాత రిసీవరు, చెవులకి పాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫొటో దిగుతారు. మోర్సు ఒక సంగీతం అంటారు. మాకెవరికీ అలా వినిపించలేదు. వచ్చే అక్షరాల్ని చప్పుడుగా వినిపించే సౌండరు టకటకమనేది. చప్పుడు చాలక దాని వెనక సిగరెట్టు డబ్బా పెట్టుకునేవాళ్లం. పక్కన స్టాంపుల కౌంటరు, బయట సైకిళ్ల గంటలు, మనియార్డరు రాలేదని ఎవరిదో గొడవ. వాటన్నిటి మధ్యా ఆ టక్కుకీ టక్కుకీ నడుమ ఎంత సందుందో పట్టుకోవాలి. ఒక్క అక్షరం జారితే అక్కడొకరి పేరు మారిపోతుంది. ఇక చెయ్యి సంగతి చెప్పనా? సాయంత్రానికి మణికట్టు బిగుసుకుపోయి అన్నం ముద్ద కలిపేటప్పుడు వేళ్లు సాగేవి కావు. ఇది నా ఒక్కడి గోడు కాదు. బ్రిటన్‌లో 1908లోనే తంతివాళ్ల చేతి నొప్పిని పరిహారమివ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో చేర్చారు.

హ్యామ్: కాదనను. మేం మురిసిపోయి కొనుక్కునే వైబ్రోప్లెక్స్ కీ ఉంది చూశారా, అడ్డంగా ఆడే కీ? అది పుట్టింది ఆ నొప్పిలోంచే. హోరేస్ మార్టిన్ అనే అమెరికా టెలిగ్రాఫు మనిషి 1904లో పేటెంటుకి పెట్టాడు. బొటనవేలితో ఒక పక్కకి నొక్కి పట్టుకుంటే లోపలి స్ప్రింగు రేకు ఊగి చుక్కలన్నీ అదే కొట్టుకుంటుంది, గీతలు మాత్రం మనం కొట్టుకోవాలి. చెయ్యి పడిపోయినవాళ్లు దాంతో మళ్లీ పనిలోకొచ్చారు. ఇప్పుడది అద్దాల బీరువాలో ఉంటోంది. అది కొంచెం సిగ్గుపడాల్సిన విషయమే, ఒప్పుకుంటాను. అయితే ఒకటి. మీకు సౌండరు టక్కులు, నాకు రేడియోలో స్వరం. మీరు రెండు చప్పుళ్ల మధ్య సందు వినేవాళ్లు. నేను మోగినంతసేపూ మోతే వింటాను. కోడ్ ఒకటే, చెవి వేరు. సంగీతం అన్న మాట మాకు ఊరికే రాలేదు.

సిగ్నలరు: స్వరం అన్నావు కాబట్టి, సంగీతమని ఎందుకనిపిస్తుందో చెప్పు. పద్యం చదివినట్టు చెప్పకు, పని చెప్పినట్టు చెప్పు.

హ్యామ్: పని చెప్పినట్టే చెబుతాను. నిమిషానికి 20 మాటల వేగంలో ఒక చుక్క 60 మిల్లీసెకన్లు. గీత దానికి మూడింతలు. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత ఖాళీ, మాటకీ మాటకీ మధ్య ఏడు. ఇది లెక్క. నేర్చుకునేటప్పుడు అందరూ ఈ లెక్క దగ్గరే ఇరుక్కుంటారు. చుక్క, గీత, చుక్క, చుక్క... ఆఁ, ఎల్. ఈలోపు తర్వాతి అక్షరం వెళ్లిపోతుంది. నిమిషానికి 10 మాటల దగ్గర నెలల తరబడి ఆగిపోయినవాళ్లు చాలామంది. 1930ల్లో జర్మనీలో లుడ్విగ్ కోహ్ అనే ఆయన దీనికి దారి చూపించాడు. మొదటి రోజు నుంచీ పూర్తి వేగంలోనే వినిపించాలి, కాకపోతే రెండే రెండు అక్షరాలు. అవి కుదిరాక మూడోది. అప్పుడు చెవికి లెక్కపెట్టడానికి టైమే ఉండదు, ఆకారమే పట్టుకోవాలి. మన ఊరి పేరు తీసుకోండి. డా, డిడా, డిడాడిడిట్, డిడాడిడిట్, డిడా, డాడిడిట్, డిడా. మొదట్లో ఇది ఏడక్షరాలు. కొన్నాళ్లకి అవి విడిగా వినపడటం మానేస్తాయి. తల్లాడ అని ఎవరో పిలిచినట్టే ఉంటుంది. కాగితం మీద రాసుకోకుండా, తలలోనే మాట తయారవుతుంది. మధ్యలో 'ఇప్పుడు అర్థం చేసుకుంటున్నాను' అనే మెట్టు మాయమైపోతుంది. నాకు రుచి అక్కడుంది. జీవితంలో ఒక భాష వినడం రాని స్థితి నుంచి వచ్చిన స్థితికి దాటడం చంటిపిల్లలప్పుడు జరుగుతుంది, మనకి గుర్తుండదు. దీంతో పెద్దయ్యాక, తెలిసి తెలిసి, ఇంకోసారి దాటొచ్చు.

సిగ్నలరు: ఊఁ. అది నిజం. ఆ మాట నేను కాదంటే అబద్ధమాడినట్టే. టెలిగ్రాం రాసుకుంటూనే పక్కవాడితో మాట్లాడేవాణ్ణి. చెయ్యి రాస్తూ ఉండేది, నాకు తెలిసేది కాదు. పూర్తయ్యాక చదువుకుంటే అప్పుడు తెలిసేది, ఫలానా ఇంట్లో మనిషి పోయాడని. ఇంకోటి కూడా చెప్తాను. లైను మీద ఎవరు కూర్చున్నారో కొట్టుడుని బట్టే పోల్చేవాణ్ణి. ఒకాయన గీతలు బాగా సాగదీసేవాడు. ఇంకొకాయన 'సి' అక్షరంలో తడబడేవాడు. వాళ్ల మొహాలు ఎన్నడూ చూడలేదు, చెయ్యి మాత్రం ఎరుకే. జ్వరమొచ్చిన రోజు కూడా తెలిసిపోయేది.

హ్యామ్: మేం దాన్నే ఫిస్ట్ అంటాం బాబాయ్. నేనూ పోల్చగలను. రాత్రి 7 మెగాహెర్ట్జ్ మీద రోజూ తగిలే ఒకరిద్దరిని పేరు కొట్టకముందే పోలుస్తాను.

సిగ్నలరు: పోలుస్తావు, కాదనను. కానీ మాకు ఆ ఎరుక పనిలోంచి వచ్చింది. రోజుకి పదిసార్లు వాడితోనే పని. వాడు తప్పు కొడితే నాకు మెమో, నేను తప్పు కొడితే వాడికి మెమో. మీది అడిగి తెచ్చుకున్న పరిచయం. ఇష్టం లేకపోతే నాబ్ తిప్పేసుకుని పోవచ్చు. సరే, మోర్సు వరకూ ఒప్పుకున్నాననుకో. ఆ పాత సామానెందుకు మరి? మోర్సు అరచేతిలో పట్టే పెట్టెతోనూ కొట్టొచ్చు కదా. నీ దగ్గరున్నది ఇద్దరు మనుషులెత్తాల్సిన బరువు, గది వేడెక్కిపోతుంది, కరెంటు బిల్లు వేరే.

హ్యామ్: సామాను మాట నాకు ముఖ్యం. నా ట్రాన్స్‌మిటర్లో ఉన్నవి రెండే వాల్వులు. ఒకటి క్రిస్టల్‌తో 7 మెగాహెర్ట్జ్ పుట్టించేది, రెండోది 807, దాన్ని పెద్దది చేసేది. పాతవాళ్ల సామాను కొంత హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది, మిగతాది కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కున్నాను. స్విచ్ వేశాక వెంటనే ఏమీ జరగదు. ఫిలమెంటు ఎర్రబడాలి, కాసేపు ఆగాలి. తర్వాత కీ నొక్కి ట్యూనింగ్ కండెన్సరు తిప్పుతూ ఉంటే మీటరు ముల్లు ఒక చోట గబుక్కున కిందికి పడుతుంది. అదే సరైన జాగా. యాంటెన్నా తీగలో ఒక టార్చి బల్బు పెట్టాను, కీ నొక్కినప్పుడల్లా వెలుగుతుంది. నా చుక్కా గీతా నా కంటికే కనపడతాయి. చేతిలో పట్టే పెట్టెలో కూడా జరిగేది ఇదే, కాదనను. కానీ అది నల్లటి చిప్ లోపల జరుగుతుంది. అక్కడ నేను వాడకందారుణ్ణి. ఇక్కడ ఏ ముక్క ఏం చేస్తుందో వేలు పెట్టి చూపించగలను.

సిగ్నలరు: వేలు పెట్టి చూపిస్తావు, అదే నా భయం. 807 పైన టోపీ దగ్గర ఎన్ని వోల్టులు?

హ్యామ్: 600 దాకా ఉంటాయి.

సిగ్నలరు: ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

హ్యామ్: పెట్టె మూత తీస్తే కరెంటు పోయేలా స్విచ్ పెట్టాను. కండెన్సర్లలో మిగిలింది దిగిపోవడానికి బ్లీడర్ రెసిస్టరుంది. అయినా స్విచ్ ఆపాక కట్టె పిడి ఉన్న తీగతో షార్ట్ చేసి చూసుకుంటే గానీ చెయ్యి పెట్టను. పెట్టినా ఒక చెయ్యే, రెండోది జేబులో ఉంటుంది. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని పాతవాళ్లు నేర్పిన జాగ్రత్త అది. ప్రమాదం లేదని చెప్పను. దాన్ని తెలిసి వాడుతున్నాను.

సిగ్నలరు: నీ ప్రమాదం నీది. పక్కవాడి సంగతో? నీ సిగ్నలు నేను విన్నాను. కీ నొక్కగానే కీచుమని ఒక వంకర తిరిగి అప్పుడు నిలబడుతుంది. ఇంకా పక్క పక్క ఫ్రీక్వెన్సీల్లో కూడా టిక్కు టిక్కుమని వినపడుతుంది. నువ్వు ముచ్చట పడుతున్న పాతదనం అవతలివాడి చెవిలో రొద. మేం ఉద్యోగంలో ఇలా కొడితే ఊరుకునేవాళ్లు కాదు.

హ్యామ్: కీచుమనేది క్రిస్టల్ మీద బరువు పడి. కీ నొక్కిన క్షణంలో ఓసిలేటరు నుంచి శక్తి లాగేసరికి ఫ్రీక్వెన్సీ కొంచెం జారుతుంది. మేం దాన్ని చిర్ప్ అంటాం, కొందరికి అదే ముద్దు. నాకూ ముద్దే. అయినా ఈ మాటలో మీదే న్యాయం. పక్కవాళ్ల బ్యాండులో టిక్కులు పడటం మర్యాద కాదు. కీకి ఒక చోక్, ఒక కండెన్సరు పెడితే కొనలు నునుపవుతాయి. చిర్ప్‌ని మాత్రం పూర్తిగా చంపలేదు, నలభై మందిలో నా సిగ్నలు నాదని తెలియడానికి అదొక్కటే ఉంది.

సిగ్నలరు: అంటే లోపాన్ని సంతకం చేసుకున్నావు.

హ్యామ్: మీ 'సి' అక్షరంలో తడబడే ఆయన చేసిందీ అదే కదా బాబాయ్?

సిగ్నలరు: ఆయన తడబాటు ఆయన దిద్దుకోవాలనుకున్నాడు, దిద్దుకోలేకపోయాడు. నీది దిద్దుకోగలిగీ ఉంచుకున్నావు. ఆ తేడా చిన్నదేం కాదు. సరే, అది వదిలెయ్. నీకు దూరం కావాలంటే ఇంకో దారుందిగా. మీ జట్టులో కుర్రాడొకడు కంప్యూటర్ పెట్టుకుని ఎఫ్‌టీ8 అంటున్నాడు. నాకు చూపించాడు. చెవికి ఏమీ వినపడలేదు, ఉత్త ఇసక రాలినట్టు. తెర మీద మాత్రం బ్రెజిల్ అని వచ్చింది. నీ వాల్వుల సెట్టు ఆ సిగ్నల్ని పట్టగలదా?

హ్యామ్: పట్టలేదు. నా చెవీ పట్టలేదు. దాన్ని రాసిన ఇద్దరిలో జో టేలర్‌కి 1993లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది, పల్సార్ల మీద చేసిన పనికి. ఆకాశంలో అతి బలహీనమైన సంకేతాల్ని రొదలోంచి ఏరుకునే విద్య తెలిసినవాడు. 2017లో ఆయనా స్టీవ్ ఫ్రాంకే కలిసి ఎఫ్‌టీ8 తెచ్చారు. 15 సెకన్లకో వంతు, 50 హెర్ట్జ్ వెడల్పు. మాట పంపడానికి రెండున్నర మూడు వేల హెర్ట్జ్ కావాలి, మోర్సుకి వంద నూటయాభై చాలు. ఆ పొదుపే ఇన్నాళ్లూ మా గొప్ప. ఆ పందెంలో ఎఫ్‌టీ8 మమ్మల్ని ఓడించేసింది. దూరం అందుకోవడమే లక్ష్యమైతే మోర్సు కథ ముగిసింది, మొండిగా వాదించను.

సిగ్నలరు: మరి లక్ష్యమేంటి?

హ్యామ్: పట్టుకోవడం నేను పట్టుకోవాలి. రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి పలకరించుకుని నా పేరు మీద లెడ్జర్లో ఒక గీత గీసుకుంటే అందులో నేనెక్కడున్నాను? చలికాలం రాత్రి పదకొండు దాటాక ఊళ్లో మోటార్లన్నీ ఆగుతాయి. ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ల గోల కొంచెం తగ్గుతుంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో హ్యాములు దేన్ని చూసి ఏడుస్తారో ఆ నిశ్శబ్దం తల్లాడలో ఇప్పటికీ కొంత ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాబ్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే రొద అడుగున ఒక సన్నని గీత. ఉందా, నా భ్రమా? కళ్లు మూసుకుంటాను. ఉంది. జపాను వాడు. వస్తున్నాడు, మునిగిపోతున్నాడు, మళ్లీ తేలుతున్నాడు. సగం పేరే అందింది, మిగతా సగం మళ్లీ అడగాలి. ఆ పది నిమిషాలూ నా చెవి చేసిన పని ఏ యంత్రమూ నా తరఫున చెయ్యలేదు.

సిగ్నలరు: చెబుతూ ఉంటే బాగానే ఉంది. అయితే ఇదంతా నువ్వు నీ కోసం చెప్పుకునేది. పదిమందిలో మాట్లాడేటప్పుడు మీవాళ్లు ఇంకోటి చెప్తారు. 'గోదావరి పొంగితే, టవర్లు పడిపోతే, అప్పుడు మోర్సే దిక్కు' అని. పంచాయతీలో నువ్వు కూడా అన్నావు.

హ్యామ్: అన్నాను. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 2022 జూలైలో మళ్లీ 71 దాటి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు ఖమ్మంలోకే వచ్చేసింది. అలాంటప్పుడు కరెంటు ముందు పోతుంది, టవర్ల బ్యాటరీలు తర్వాత పోతాయి. ఒక కారు బ్యాటరీ, రెండు పక్కలా 33 అడుగుల చొప్పున రాగితీగ, ఒక కీ ఉంటే కబురు దాటుతుంది. అబద్ధమేముంది అందులో?

సిగ్నలరు: అబద్ధం లేదు, అతిశయోక్తుంది. మీరు పదే పదే చెప్పుకునే గొప్ప సంఘటన తీసుకో. 2004 డిసెంబర్. హైదరాబాదు సోమాజిగూడలో 1983 నుంచి ఉన్న మీ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. వీయూ4ఆర్‌బీఐ అని పిలుపు పేరు. ప్రపంచంలో ఎవరికీ దొరకని చోటు నుంచి అందరినీ పలకరించాలన్న సరదాతోనే వెళ్లారు. 26 తెల్లారి సునామీ వచ్చింది. సరదా పక్కన పెట్టి పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు మోశారు. ఎందరో తమవాళ్లు బతికున్నారని తెలుసుకున్నారు. గొప్ప పని, దణ్ణం పెడతాను. కానీ ఆ పని జరిగింది ప్రధానంగా మైకు మీద, నోటి మాటతో. ఎందుకు? అవతల వినేవాడికి మోర్సు వచ్చి ఉండాలి కాబట్టి. వరద రోజున భద్రాచలంలో నీ చుక్కా గీతా చదివేవాడు ఎవడు? కలెక్టరాఫీసులో ఎవడున్నాడు? సముద్రం మీద ఓడలే 1999లో మోర్సుని వదిలేశాయి. మునిగే మనిషికి నువ్వు ఇవ్వాల్సింది నొక్కితే మాట్లాడే సెట్టు, అది వాడటం తెలిసిన నలుగురు కుర్రాళ్లు. అవి తయారుచెయ్యడానికి ఖర్చుపెట్టాల్సిన సాయంత్రాలు నువ్వు 807 ముందు ఖర్చుపెడుతున్నావు. పైగా దానికి వరద పేరు వాడుకుంటున్నావు. నాకు కోపం అక్కడ.

హ్యామ్: సరే బాబాయ్. పంచాయతీలో ఆ మాట ఇకనుంచి అనను. ఉపయోగం పేరుతో మోర్సుని కాపాడాలనుకుంటే మోర్సూ నిలబడదు, ఉపయోగమూ జరగదు. పైగా ఉపయోగమే కారణమైతే, ఇంకా పనికొచ్చేది వచ్చిన రోజున నేను కీ మూలపడెయ్యాలి. పడెయ్యను కదా. కాబట్టి అది నా అసలు కారణం కాదు. ఇష్టం కాబట్టి చేస్తున్నాను. ఇష్టాన్ని జనం ముందు ఒప్పుకోవడానికి మొహమాటపడి దానికి సేవ ముసుగేశాను.

సిగ్నలరు: ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు అనుమానం.

హ్యామ్: పూర్తిగా ఒప్పుకోలేదు. ఒక మాట మిగిలుంది. అండమాన్‌కి వెళ్లినవాళ్లు సరదాకే వెళ్లారని మీరే అన్నారు. సరదా లేకపోతే ఆ రోజు అక్కడ సెట్టూ ఉండేది కాదు, మనుషులూ ఉండేవాళ్లు కాదు. ఉపయోగం సరదాకి తోకలా వస్తే వస్తుంది. దాన్ని ముందు పెట్టి లాగితే రాదు.

సిగ్నలరు: వాళ్ల సరదా మైకుతో, కొత్త సెట్లతో. నీ సరదాకి ఆ తోక మొలవడం కష్టం. ఇంకో దారి ఉందిగా, హైదరాబాదులోనే. లామకాన్ సాంస్కృతిక వేదిక పెట్టిన అష్హర్ ఫర్హాన్. ఆయన బిట్‌ఎక్స్ రేడియో సెట్టు డిజైను గురించి నువ్వే చెప్పావు. ఊళ్లో దొరికే ట్రాన్సిస్టర్లు, తీగ చుట్టడానికి నల్లాలో వేసే వాషర్లు, ఐదారు వాట్లు. పన్నెండు వోల్టులు చాలు. దేశదేశాల్లో జనం కట్టుకున్నారు. దాంట్లో కూడా ప్రతి ముక్కా వేలు పెట్టి చూపించొచ్చు. మరి నీ 'చేత్తో తెలుసుకోవడం' వాదన వాల్వు లేకుండా కూడా నిలబడుతుందిగా?

హ్యామ్: నిలబడుతుంది. బిట్‌ఎక్స్ కట్టినవాణ్ణే నేను. తర్వాత వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్‌లో మోర్సు కీకి చోటు కూడా ఉంది. వాల్వు కావాల్సింది తెలుసుకోవడానికి కాదు. ఎట్లా చెప్పను... బిట్‌ఎక్స్ నేను కట్టింది, అది నాతో మొదలవుతుంది. ఆ 807 నాకు ముందే ఎక్కడో ఎవరి చేతిలోనో పనిచేసింది. దాని మీద ఎవరో పెన్సిలుతో వేసుకున్న వోల్టేజి లెక్కలున్నాయి. నేను వాటిని చెరపలేదు. ఆయన లెక్క 20 వోల్టులు తప్పు, ఎందుకు తప్పయిందో కూడా నాకు తెలిసింది. మనిషెవరో తెలియదు, ఆయన ఆలోచన మాత్రం తెలుసు.

సిగ్నలరు: ఇది కొంచెం ఒప్పుకోదగ్గ మాట. కానీ పాతవాటి మీద ఈ మమకారంలో ఇంకో కోణముంది. ఏళ్ల తరబడి మీవాళ్లు మోర్సుని గుమ్మానికి గొళ్లెంలా పెట్టుకున్నారు. పరీక్షలో నిమిషానికి ఇన్ని మాటలు పట్టకపోతే షార్ట్‌వేవ్ మీద నీకు చోటు లేదు పో అన్నారు. ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణం పెట్టే పిల్లలు ఆ గొళ్లెం తీయలేక వెనక్కి పోయారు. 2003లో అంతర్జాతీయంగా ఆ షరతు ఎత్తేసి ఏ దేశం ఇష్టం ఆ దేశానిదన్నారు. అమెరికా 2007లో పరీక్షలోంచే తీసేసింది. మన దగ్గర ఆ తర్వాత కూడా జనరల్ గ్రేడుకి నిమిషానికి 8 మాటలు పెట్టారు. మాకు మోర్సు కూడుపెట్టింది. మీరు దాన్ని కులంలా వాడారు.

హ్యామ్: కులమన్న మాట గట్టిగానే తగిలింది. కొట్టిపారెయ్యలేను. 'నేను కష్టపడి పాసయ్యాను, వాడు ఊరికే ఎట్లా వస్తాడు' అనే ఏడుపు మాలో ఉండేది, ఇంకా ఉంది. షరతు పోయాక ఒక విచిత్రం జరిగింది చూడండి. పరీక్ష పోతే మోర్సు చచ్చిపోతుందని అందరూ అనుకున్నారు. చావలేదు. 2006లో అమెరికాలో మామూలు కీతో కొట్టేవాళ్ల సంఘమొకటి మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఏటా జనవరి 1న పాత కీలతో, పాత సెట్లతో రాత్రంతా కొట్టుకునేవాళ్లు వేరే. బలవంతం పోయాక వచ్చినవాళ్లంతా కావాలనుకుని వచ్చినవాళ్లే.

సిగ్నలరు: అదే నాకు మింగుడుపడనిది. బలవంతం ఉన్నన్నాళ్లూ మేం కొట్టాం. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసే మూసేశారు. అప్పటికి మోర్సు ఎప్పుడో పోయింది, కంప్యూటర్లు వచ్చేశాయి. మా చేతులకి ఏ పనీ లేదు. మమ్మల్ని గుమాస్తాలుగా సర్దారు. తలలో ఉన్న ఆ వేగాన్ని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అవసరం లేనివాళ్లకి అది ఆనందమైంది. చేసినవాడికి నొప్పి, చూసినవాడికి అందం.

హ్యామ్: మరి మీరే ఒకసారి కొట్టి చూడొచ్చుగా? లైసెన్సు లేకుండా గాల్లోకి పంపకూడదు, నిజమే. ఊరికే బజరు మీద.

సిగ్నలరు: వద్దు.

హ్యామ్: ఎందుకు?

సిగ్నలరు: నాకు దాంతో ఉన్న లెక్క వేరు. నీకు చెప్పినా అర్థం కాదు, అర్థం కావాల్సిన పనీ లేదు. ఇంకొకటడుగుతా. మీ సంభాషణంతా ఇంగ్లీషు పొడి అక్షరాలే. ఖమ్మం వాడూ వరంగల్ వాడూ తగిలినా అంతేనా?

హ్యామ్: మా ఇద్దరికీ తెలుగే. అయినా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటాం, అది కూడా 'బాగున్నారా' వరకే. ఎక్కువ కొడితే చదువుకోవడం నరకం. వాడుకలో తెలుగు మోర్సంటూ లేదు. మా హాబీలో ఇది పెద్ద వెలితి, దీనికి నా దగ్గర వాదన లేదు. మైకు మీదైతే హాయిగా ఖమ్మం తెలుగులో మాట్లాడుకుంటాం.

సిగ్నలరు: మైకు మీద మనిషి గొంతు, మన భాష. కీ మీద ఆ రెండూ లేవు. అయినా నీకు కీయే కావాలి.

హ్యామ్: కావాలి. గొంతులో మనిషి ఎవరో ముందే తెలిసిపోతుంది. వయసు, ఊరు, చదువు, డబ్బు, ఒక్కోసారి కులం కూడా. కీ మీద అవేవీ తెలియవు. ఎంత ఓపిగ్గా కొడతాడు, నేను నెమ్మదిగా ఉంటే తనూ నెమ్మదిస్తాడా లేదా, అదొక్కటే తెలుస్తుంది. మొన్నొక రష్యావాడు నా కోసం వేగం సగానికి తగ్గించాడు. ఆయన ఎవరో నాకు తెలియదు, మంచివాడని మాత్రం తెలుసు.

సిగ్నలరు: ఊఁ. నెమ్మదించడం మా దగ్గర కూడా ఉండేది. కొత్తవాడు కూర్చుంటే అవతలి సీనియర్ వేగం తగ్గించాలి. తగ్గించని వాళ్లూ ఉండేవాళ్లు, కొత్తవాణ్ణి ఏడిపించి ఆనందించేవాళ్లు. సరే, అసలు విషయానికి రా. హైస్కూలు పిల్లలకి నేర్పుతానని హెడ్‌మాస్టర్ని అడిగావట.

హ్యామ్: అడిగాను. 12 ఏళ్లు నిండితే లైసెన్సు పరీక్ష రాయొచ్చు. మీరు ఒక గంటొచ్చి వేగం అంటే ఏమిటో వినిపిస్తే చాలు.

సిగ్నలరు: వస్తానని చెప్పలేదు. వచ్చినా నా షరతులుంటాయి. ముందు మైకు, తర్వాత మోర్సు. మోర్సు అక్కర్లేదన్నవాణ్ణి తక్కువ చేయకూడదు. ఆ 600 వోల్టుల పెట్టె స్కూలు గేటు దాటకూడదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద ఏం నడుస్తుందో అది తీసుకురా.

హ్యామ్: మొదటి రెండూ సరే. మూడోదానికి ఒప్పుకోను బాబాయ్. దూరంగా, మూత వేసి, అద్దంలోంచి ఫిలమెంటు కనపడితే చాలు. ఆ ఎర్రటి వెలుగు చూడకుండా వాళ్లలో ఒక్కడు కూడా రెండో రోజు రాడు.

సిగ్నలరు: వెలుగు చూడటానికి వచ్చేవాడు మూడో రోజు ఎట్లాగూ రాడు.

హ్యామ్: నేనొచ్చాను కదా.

సిగ్నలరు: ఒకడివి. క్లాసులో నలభై మంది. ముందు హెడ్‌మాస్టరు ఏమంటాడో కనుక్కో, కరెంటు సంగతి ఆయనతో నేను మాట్లాడతా.